స్విచ్‌బోర్డు దగ్గరి కుర్రాడే సగం పైలట్

అందరికీ నమస్కారమండి. నేను పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్‌ని, ఉపన్యాసాలు పెద్దగా రావు. ఫంక్షన్ హాల్లో డ్రోన్ ఎగరేసి తిన్న దెబ్బలు మాత్రం ఉన్నాయి, అవే చెబుతాను.

పాలకొల్లు వైపు ఒక రిసెప్షన్. నల్ల గ్రానైట్ ఫ్లోరు, అద్దంలా మెరిసిపోతోంది. జంట నడిచొస్తుంటే పైనుంచి తీద్దామని డ్రోన్ లేపాను. వాళ్లు గుమ్మంలో అడుగుపెట్టగానే స్పాట్‌లైట్ ఒక్కటీ ఉంచి, హాలు లైట్లన్నీ ఆర్పేశారు. డ్రోన్ నిలబడకుండా నెమ్మదిగా పక్కకి జారడం మొదలెట్టింది. స్టిక్ ఎటు లాగాలో తోచేలోపే వేలాడుతున్న బంతిపూల దండలోకి దూరింది. దారం రెక్కకి చుట్టుకుని, వచ్చి ఒక కుర్చీలో పడింది. అందులో కూర్చున్న పెద్దాయన అప్పుడే రెండో బంతికి భోజనానికి లేచారు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదండి.

తప్పు నాదే. బయట డ్రోన్ కదలకుండా నిలబడిందంటే చాలావరకు జీపీఎస్ పుణ్యం. శ్లాబు కింద ఆ సిగ్నల్ సరిగా అందదు. అప్పుడు దానికి దిక్కు పొట్ట కింద ఉండే చిన్న కెమెరా. నేల మీది గీతలూ మచ్చలూ చూసుకుంటూ ఎక్కడున్నానో లెక్కేసుకుంటుంది. లైట్లు తీసేస్తే గుడ్డిదే. నల్ల గ్రానైట్ అయితే వెలుతుర్లోనూ మోసం చేస్తుంది, అందులో షాండ్లియర్ కనపడుతుంది మరి. గళ్ల కార్పెట్ మీద బుద్ధిగా నిలబడుతుంది. అందుకే ఇప్పుడు హాలుకి వెళ్లగానే ముందు స్విచ్‌బోర్డు దగ్గరి కుర్రాడితో స్నేహం చేస్తాను. నేను చెప్పేదాకా లైటు ఆర్పకూడదు, ఫ్యాన్ వేయకూడదు.

రిమోట్ సిగ్నల్ పోతే డ్రోన్ ఏం చెయ్యాలన్న సెట్టింగ్ చూసుకోండి. మామూలుగా బయల్దేరిన చోటికి తిరిగి రమ్మనే పెట్టి ఉంటుంది. తలుపు దగ్గర జీపీఎస్ కాస్త దొరికిందనుకోండి, ముందు సెట్ చేసి ఉన్న ఎత్తుకి లేద్దామని చూస్తుంది. మధ్యలో సీలింగ్ ఉందని దానికేం తెలుసు? హాల్లో ఆ సెట్టింగ్‌ని హోవర్‌కి, అంటే ఉన్నచోటే గాల్లో నిలబడేలా, మార్చండి. సీలింగ్‌కి మరీ దగ్గరగా వెళ్తే పైన గాలి ఒత్తిడి తగ్గి, డ్రోన్ దానంతటదే పైకి అతుక్కుపోతుంది. నేను మీటరున్నర కిందే ఉంచుతాను.

2021 డ్రోన్ రూల్స్‌లో 250 గ్రాముల వరకూ నానో అన్నారు, పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. దాంతో మనవాళ్లు అది బొమ్మే అనుకుంటున్నారు. రెక్క కంటికి తగిలితే 249 గ్రాములు చాలు. రెక్కల చుట్టూ గార్డులు లేకుండా లోపల ఎగరేయకండి, ఉన్నా జనం నెత్తిన వద్దు. తలంబ్రాలప్పుడు అసలు డ్రోన్ ఎందుకండీ? డెకరేషన్ షాట్లు చుట్టాలు రాకముందే తీసేసుకుంటే పోలా!

ఈమధ్య రైస్ మిల్లులవాళ్లూ వీడియోలు అడుగుతున్నారు. రేకుల షెడ్డు, ఇనప గర్డర్లు, కంపాస్ తికమక పడుతుంది. కంపాస్‌ని సరిచేసుకునే కాలిబ్రేషన్ లోపల వద్దు, బయట చేలగట్టు మీద చేసుకోండి. ఇక తవుడు దుమ్ము రెక్కల గాలికి లేచి పొట్ట కెమెరాని కప్పేస్తుంది. మొన్నొక మిల్లులో నేను పొడుగు కర్రకి కెమెరా కట్టి తీసిచ్చాను. ఓనరుగారు డ్రోన్ షాట్లు బాగున్నాయన్నారు, నేనూ కాదనలేదు.

సరే, చెప్పింది చాలు, ఈ హాల్లోనే ఎగరేసి చూపిస్తాను. ముందు వరసవాళ్లు కాస్త వెనక్కి రండి. బాబూ, ఫ్యాన్లు ఆపు. ఆ మూలది కూడా.