పండగ కమిషను, పేచీ పెట్టిన జడ్జి

అందరికీ నమస్కారం. భోజనాల ముందు నాకు పది నిమిషాలే ఇచ్చారు, అవతల పులిహోర ఘుమఘుమలు మొదలయ్యాయి కాబట్టి నేనూ సాగదీయను.

ఈ చిన్న పుస్తకం చూడండి, చొక్కా జేబులో పట్టేస్తుంది. అమెరికా రాజ్యాంగం. సిటిజన్‌షిప్ ప్రమాణం చేసిన రోజు ఇచ్చిన కవర్లో చిన్న జెండాతో పాటు ఇదీ ఉంది. జెండా పట్టుకుని ఫొటోలు దిగాం, ఇది మాత్రం నాలుగేళ్లు పాస్‌పోర్టుల డ్రాయర్లో పడుకుంది.

ఈ రాజ్యాంగానికి 1987లో 200 ఏళ్లు నిండుతాయని ఇక్కడి కాంగ్రెస్, అంటే ఇక్కడి పార్లమెంటు, 1983లోనే చట్టం చేసి, ఉత్సవాల కోసం ఒక కమిషన్ పెట్టింది. 1985లో అప్పటి అధ్యక్షుడు రీగన్ దానికి ఛైర్మన్‌గా వేసింది ఎవర్నో తెలుసా, సాక్షాత్తూ సుప్రీంకోర్టు చీఫ్ జస్టిస్ వారెన్ బర్గర్‌ని. మరుసటి ఏడాది ఆయన 17 ఏళ్లుగా కూర్చున్న కుర్చీ, అదీ చనిపోయేదాకా ఉండగలిగే కుర్చీ, వదిలేసి పూర్తిగా ఈ పనిలో దిగిపోయారు. మన దగ్గర రిటైరయ్యాక కమిషన్లు వస్తాయి, ఈయన కమిషన్ కోసం రిటైరయ్యారు! 1787లో ఫిలడెల్ఫియాలో ఈ రాజ్యాంగం మీద సంతకాలు పడిన సెప్టెంబర్ 17 ఆయన పుట్టినరోజు కూడా. 1987లో ఆ రోజుకి 80 నిండాయి.

పరేడ్ల సంగతి సరే, ఇలాంటి జేబు పుస్తకాలు లక్షల్లో పంచారు చూడండి, అదీ నాకు నచ్చిన పని.

అయితే అదే ఏడాది మే నెలలో, హవాయిలో పేటెంట్ లాయర్ల సెమినార్లో, జస్టిస్ థర్‌గుడ్ మార్షల్ పేచీ పెట్టారు. సుప్రీంకోర్టులో మొదటి నల్లజాతి జడ్జి, బర్గర్‌తో పాటు ఆ 17 ఏళ్లూ అదే బెంచి మీద ఉన్న మనిషి. 1787లో రాసిందాంట్లో మొదట్నుంచీ లోపాలున్నాయి, బాగుపడటానికి సవరణలూ అంతర్యుద్ధమూ కావాల్సి వచ్చాయి, కాబట్టి ఆ పెద్దమనుషులకి హారతి పట్టడం నావల్ల కాదు అన్నది ఆయన మాటల సారాంశం. పండగ పూట ఇదేం గోల అనుకున్నవాళ్లూ ఉన్నారు. నన్నడిగితే మొత్తం హడావిడిలో అసలు పండగ చేసింది ఆయనే, ఎందుకంటే పుస్తకం తెరిచి చూపించారు. ఇండియాలో రాజ్యాంగ దినోత్సవమని నవంబర్ 26న స్కూళ్లలో పీఠిక చదివిస్తారు, మంచిదే, కానీ రెండో పేజీ తిప్పేదెవరు?

మొన్న మా అమ్మాయి తిప్పింది. మొదటి ఆర్టికల్, రెండో సెక్షన్. "ఈ 'అదర్ పర్సన్స్' ఎవరు నాన్నా, మనుషుల్ని ఐదింట మూడు వంతులు లెక్కపెట్టడమేంటి?" అంది. బానిసలమ్మా, అన్నాను. వాళ్లకి ఓటు లేదు, కానీ వాళ్ల తలలు చూపించి యజమానుల రాష్ట్రాలు కాంగ్రెస్‌లో ఎక్కువ సీట్లు తీసుకున్నాయి. బానిస అన్న మాట మాత్రం ఆ అసలు ప్రతిలో ఎక్కడా రాయలేదు.

అదే పేరాలో పన్ను కట్టని ఇండియన్లని లెక్కలోంచి తీసేయాలనీ ఉంది. కంగారు పడకండి, అది మన గురించి కాదు, ఈ నేల మీద ముందునుంచీ ఉన్నవాళ్ల గురించి. మనం ఏప్రిల్ 15 లోపు ఠంచనుగా కట్టేస్తున్నాం కదా.

సరే, వడ్డన మొదలైనట్టుంది, పదండి.