చోడి అంబలిలోని ఖనిజాలు కణం దాకా చేరుతున్నాయా?

[దృశ్యం: స్టీలు గ్లాసులో చోడి అంబలి, పక్కన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ]

వాయిస్: శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పొద్దున్నే తాగే చోళ్ల (రాగుల) అంబలి ఇది. గ్లాసుకి 30 గ్రాముల చోడిపిండి పడితే సుమారు 110 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పెద్దవాళ్లకి రోజుకి 1000 కావాలి. ఉన్నదంతా ఒంటికి పట్టదు. ఎందుకో చెప్పేముందు, పట్టిన ఖనిజాలు కణంలో ఏం చేస్తాయో చూద్దాం.

[యానిమేషన్: కణం, లోపల మైటోకాండ్రియా]

కణానికి శక్తినిచ్చేది ఏటీపీ అనే అణువు. 1929లో దాన్ని కనుగొన్నవాళ్లలో మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. మెగ్నీషియం అంటుకుని ఉంటేనే ఎంజైములు ఏటీపీని వాడుకోగలవు. డీఎన్‌ఏ మరమ్మతుకీ మెగ్నీషియం కావాలి.

శక్తి తయారయ్యేటప్పుడు కొంత ఆక్సిజన్ హానిచేసే సూపర్ ఆక్సైడ్‌గా మారుతుంది. కణంలో శక్తి తయారయ్యే చోటైన మైటోకాండ్రియాలో మాంగనీసు ఉన్న ఎంజైము, దాని బయట రాగి (కాపర్ లోహం), జింకు రెండూ ఉన్న ఎంజైము దాన్ని హైడ్రోజన్ పెరాక్సైడ్ చేస్తాయి. సెలీనియం ఉన్న ఇంకో ఎంజైము ఆ పెరాక్సైడ్‌ని నీరు చేస్తుంది. ఈలోగా విడి ఇనుము తగిలిందా, హైడ్రాక్సిల్ రాడికల్ పుట్టి డీఎన్‌ఏనీ, కణం పొరనీ దెబ్బతీస్తుంది. అందుకే కణం ఇనుముని ఫెర్రిటిన్ అనే ప్రోటీన్‌లో బంధించి ఉంచుతుంది. ఎక్కువైన ఇనుముని బయటికి పంపే ఏర్పాటు ఒంటికి లేదు. రక్తం తక్కువ లేని మగవాళ్లు బలానికని ఐరన్ మాత్రలు మింగడం వద్దనేది ఇందుకే.

ఖనిజాల కొరత కొద్దిపాటిదైతే వెంటనే ఏమీ తెలియదు. ఇంట్లో డబ్బు చాలకపోతే ముందు బియ్యం కొంటాం, ఇంటికప్పు పని వాయిదా వేస్తాం. ఒళ్లూ అంతే చేస్తుందని, వాయిదాపడ్డ మరమ్మతులే వయసుతో జబ్బులుగా బయటపడతాయని అమెరికా జీవరసాయన శాస్త్రవేత్త బ్రూస్ ఏమ్స్ 2006లో ప్రతిపాదించారు.

[క్లోజప్: గుడ్డమూటలో మొలకెత్తిన చోళ్లు]

ఇక వంటింట్లోకి వద్దాం. చోళ్లలోని ఫైటిక్ ఆమ్లం కాల్షియం, ఇనుము, జింకులను పట్టేసి పేగుల్లో వదలదు. మొలకెత్తిస్తే ఆ పట్టు సడలుతుంది. చోళ్లు రాత్రంతా నానబెట్టండి. నీళ్లు పూర్తిగా వంపేసి, పల్చటి గుడ్డలో మూటకట్టి ఒక రోజు, చలికాలమైతే ఒకటిన్నర రోజు ఉంచండి. తెల్లటి మొలక కాస్త కనిపిస్తే చాలు. గుడ్డ చెమ్మగా ఉండాలి, నీరు కారకూడదు. కారితే బూజు పడుతుంది. ముక్కవాసన వస్తే మొత్తం పారబోయండి, కడిగి వాడొద్దు. బాగా ఆరబెట్టి, మొలకలు నలిపి చెరిగి, దోరగా వేయించి మరపట్టించండి. పిండిని మరీ సన్నగా జల్లించకండి, కాల్షియం ఎక్కువగా ఉండేది పైపొట్టులోనే.

ఈ పిండితో అంబలి పల్చబడుతుంది. పిండి చాల్లేదని కాదు, మొలకలోని ఎంజైములు పిండిపదార్థాన్ని విరిచేస్తాయి. మామూలు చోడిపిండి మూడొంతులు, ఇది ఒక వంతు కలపండి.

అన్నం తిన్నాక గంటదాకా టీ వద్దు, ఇనుముని అడ్డుకుంటుంది. ఇనుము బాగా ఒంటబట్టడానికి తోటకూర పప్పులో నిమ్మరసం పిండండి, స్టవ్ కట్టేశాకే. గర్భిణులకి ఇచ్చే ఐరన్, కాల్షియం మాత్రలు ఒకేసారి వేసుకోకూడదు. కనీసం రెండు గంటల ఎడం ఉండాలి.

జింకు మాత్రల సంగతి వేరు. 50 మిల్లీగ్రాములవి వారాల తరబడి వాడితే రాగి ఒంటబట్టడం తగ్గుతుంది. ఇందాక చెప్పిన రాగి-జింకు ఎంజైమే మందగిస్తుంది. వయసు కనిపించకూడదని కొనుక్కుంటే జరిగేది ఇదీ!

[దృశ్యం: ఉద్దానం కొబ్బరితోట]

ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి ఈ సలహాలు ఇలాగే వర్తించవు. కిడ్నీలు మందగిస్తే పొటాషియం, భాస్వరం రక్తంలో నిలిచిపోతాయి. పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. కొబ్బరినీళ్లు, "లో సోడియం" ఉప్పు రెండింట్లోనూ పొటాషియం ఎక్కువే. ఆకుకూరని ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు వంపేస్తే కొంత తగ్గుతుంది. జీడిపప్పు, ఎండుచేపల్లో భాస్వరం ఎక్కువ. చోడి అంబలి ఎంత తాగొచ్చో కూడా క్రియాటినిన్, పొటాషియం, భాస్వరం రిపోర్టులు చూసి డాక్టరే చెప్పాలి.