ఆబోతును విడిగా కట్టండి, తారీఖు రాయండి

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, పొద్దున్నే మేత వేసి వచ్చి వెనక వరుసల్లో కూర్చున్న అక్కచెల్లెళ్లకు నమస్కారం. ఒంగోలు గిత్త ఘనత గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నేను ఆవు గురించి మాట్లాడతాను. గిత్తను కన్నది ఆవే కదా.

ఘనత కూడా చెప్పాల్సిందే, క్లుప్తంగా చెబుతాను. గుండ్లకమ్మ, మన ఒంగోలు వైపు మూసీ ఏళ్ల నడుమ పెరిగిన మన జాతి బ్రెజిల్ వెళ్లి, నెల్లూరు పేరుతో ‘నెలోర్’ అయింది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు ఉన్నది నెల్లూరు జిల్లాలోనే. 1960లలో ఇక్కడి నుంచి వెళ్లిన ఒక ఆబోతును అక్కడివారు ఇప్పటికీ మన ఊరి పేరుతోనే, కరవది అనే తలుచుకుంటారు. చప్పట్లు తర్వాత కొట్టండి. అక్కడ ఈ పశువును మాంసం కోసం పెంచుతారు. మన ప్రయోజనం వేరు కావచ్చు. కానీ వాళ్ల మంచి మందల్లో ఆబోతు ఏడాది పొడుగునా ఆవుల మధ్య తిరగదు. వానలు పడి గడ్డి మొలిచాక, నవంబర్ నుంచి రెండు మూడు నెలలు వదిలి, మళ్లీ విడిగా ఉంచుతారు. దూడలన్నీ దాదాపు ఒకే కాలంలో పుడతాయి. టీకాలు, పాలు మాన్పించడం, అమ్మకం అన్నీ ఒక్కసారే జరుగుతాయి. చూలు నిలవని ఆవుకు మందలో చోటు ఉండదు. ఆ చివరి మాట మనకు కుదరదు, వదిలేయండి. మిగతాది ఎందుకు కుదరదు?

మా ఇంట్లో ఆబోతు ఎప్పుడూ మందలోనే ఉండేది. మా నాన్న అలాగే చేశారు, నేనూ అలాగే చేశాను. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ తెల్లవారుజామున మా గౌరి ఈనింది. పాకలో మోకాలి లోతు బురద. దూడను గోనెసంచితో తుడిచి, నోట్లో వేలు పెట్టాను. చప్పరించలేదు. నోరు చల్లగా ఉంది. పెయ్యదూడ. జున్నుపాలు పిండి గొంతులో పోయబోతే మింగలేదు. మధ్యాహ్నానికి పోయింది. గౌరి మూడు రోజులు ఆ చోటు వాసన చూస్తూ అరిచింది.

తుఫాను చంపిందని అందరూ అన్నారు, నేనూ అన్నాను. తర్వాత ఒక రాత్రి క్యాలెండర్ తీసి లెక్క వేశాను. చూలు సుమారు 285 రోజులు. డిసెంబర్ 5 నుంచి వెనక్కి లెక్కిస్తే ఫిబ్రవరి 23. ఆ ఫిబ్రవరిలో ఆబోతును కట్టేసి ఉంటే ఆ దూడ తుఫానులో పుట్టేదే కాదు. మన తీరానికి అక్టోబర్, నవంబర్, డిసెంబర్ తుఫాను నెలలని తెలియనివాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? తెలిసి కూడా తారీఖు రాయలేదు, అది నా తప్పు. బండలాగుడులో ఏ గిత్త ఎన్ని అడుగులు లాగిందో మనకు నోటికి వచ్చు. మన ఆవు ఏ రోజు ఎదకు వచ్చిందో ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. చూశారా?

నవంబర్ ఒకటిన ఆబోతును వదిలితే ఆగస్టు 13 నాటికి మొదటి ఈతలు మొదలవుతాయి. డిసెంబర్ ఆఖరున కట్టేస్తే అక్టోబర్ రెండో వారానికి దాదాపు అన్నీ ఈనతాయి. తుఫానులు ముదిరే వేళకు చాలా దూడలు కాళ్ల మీద నిలదొక్కుకుంటాయి. పచ్చిగడ్డి ఉన్న రోజుల్లోనే తల్లి మళ్లీ ఎదకు వస్తుంది. కష్టం ఒకటుంది, దాచను. నిండు చూలు మోసేది మే, జూన్, జూలైల్లో, ఎండలో. జొన్నచొప్ప వామి ముందే వేసుకోవాలి, చివరి మూడు నెలలూ దాణా పెట్టాలి. మార్చిలో చూలు పరీక్ష చేయిస్తే ఏ ఆవుకు ఎంత పెట్టాలో వేసవికి ముందే తెలుస్తుంది. ఆబోతును అక్టోబర్‌లోనే డాక్టరుకు చూపించండి. ఈ రోజు దాని వీర్యంలో కనిపించేది దాదాపు రెండు నెలల నాటి మేత, నాటి ఆరోగ్యం. ఇరవై అయిదు ముప్ఫై ఆవులకు ఒక్క ముదురు ఆబోతు చాలు. కృత్రిమ గర్భధారణ చేయించేవాళ్లు రాత్రిపూట కూడా లేచి చూడాలి, మన ఆవుల్లో ఎద చాలాసార్లు చప్పుడు లేకుండా చీకట్లోనే వచ్చి పోతుంది.

గౌరిని ఆ మరుసటి ఫిబ్రవరిలో ఆబోతుతో దాటించలేదు. నవంబర్ దాకా ఆపాను. ఇంట్లో గొడవ జరిగింది, ఒక ఈత పోగొడుతున్నావని మా ఆవిడ నాలుగు రోజులు మాట్లాడలేదు. ఆమె కోపం న్యాయమే, నెలల తరబడి పాలు లేవు. కాలం మార్చుకోవడానికి కట్టిన మూల్యం అది. మందనంతా ఒకేసారి మార్చకండి, ఏటా కొన్ని ఆవులను జరుపుకుంటూ రండి.

గౌరి పోయిన నవంబర్ 11న దాటింది. ఈ ఆగస్టు 22న పొడి నేల మీద ఈనింది. దూడ నోట్లో వేలు పెడితే నొప్పి పుట్టేలా చప్పరించింది. పెయ్యే. ఏటా ఒక ఈత కావాలంటే ఈనిన 80 రోజుల్లో చూలు నిలవాలి. అంటే గౌరికి నవంబర్ 10 గడువు. ఆబోతు ఇంకా కొట్టం అవతలే ఉంది, ఒకటో తారీఖున వదులుతాను. నోటు పుస్తకం తెచ్చాను, కావలసినవాళ్లు వచ్చి చూడండి.