క్లైడ్ వదిన రాసుకున్న పుస్తకం | రివ్యూ

అందరికీ నమస్తే. బోనీ, క్లైడ్ గురించి మీరు వినే ఉంటారు, 1930ల అమెరికాలో బ్యాంకులు, కొట్లు దోచుకుంటూ తిరిగిన జంట. ఈ పుస్తకం మాత్రం క్లైడ్‌కి వదిన అయ్యే బ్లాంచ్ బారోది. పేరు 'మై లైఫ్ విత్ బోనీ అండ్ క్లైడ్'. జైల్లో ఉండగా రాసుకుంది, 1988లో ఆమె పోయాక, 2004లో గానీ అచ్చవలేదు.

వీళ్ల మీద 1967లో వచ్చిన 'బోనీ అండ్ క్లైడ్' సినిమా చూసినవాళ్లకి బ్లాంచ్ అంటే తుపాకులు పేలగానే కెవ్వుమని అరుస్తూ పరిగెత్తే ఆవిడే గుర్తొస్తుంది. ఆ పాత్ర వేసిన ఎస్టెల్ పార్సన్స్‌కి ఆస్కార్ వచ్చింది, అసలు బ్లాంచ్‌కి ఒళ్లు మండింది. మండదా మరి?

నాకు బాగా పట్టేసింది కాల్పులు కాదు, అంతకుముందు భాగం. పదిహేడేళ్లకే అమ్మ కుదిర్చిన పెళ్లి, ఆ మొగుడితో నరకం. అక్కడి నుంచి బయటపడి డాలస్‌లో క్లైడ్ అన్న బక్ బారోని ప్రేమించింది, 1931 జూలైలో పెళ్లి చేసుకునే నాటికి అతను జైలు నుంచి పారిపోయిన ఖైదీ! అయితే ఈవిడ ఏం చేసిందంటే, అత్తగారితో కలిసి మొగుడికి నచ్చజెప్పి, అదే డిసెంబర్‌లో మళ్లీ జైలుకి పంపింది, శిక్ష పూర్తి చేసుకొస్తే మామూలుగా కాపురం చేసుకోవచ్చని. 1933 మార్చిలో క్షమాభిక్ష కూడా వచ్చింది. అంతా సర్దుకుంది అనుకునేలోపే బక్ తమ్ముణ్ణి చూడాలన్నాడు.

మిస్సోరీలోని జాప్లిన్‌లో బోనీ, క్లైడ్‌లతో కలిసి అద్దెకి దిగారు. ఏప్రిల్ 13న పోలీసులొచ్చారు, ఇద్దరు పోలీసులు చనిపోయారు, కుక్కపిల్ల పారిపోతే బ్లాంచ్ దాని వెనకాలే రోడ్డు మీదికి పరిగెత్తింది. ఆ ఇంట్లో పోలీసులకి దొరికినవేంటో తెలుసా? వీళ్ల పెళ్లి సర్టిఫికెట్, బక్ విడుదల కాగితాలు. ఇక వెనక్కి వెళ్లడానికి ఇల్లెక్కడిది?

జూలైలో ప్లాట్ సిటీ దగ్గర బక్ తలకి బుల్లెట్, ఈవిడ కంట్లో అద్దం ముక్కలు. కొద్ది రోజులకే అయోవాలో ఇద్దరూ దొరికారు, బక్ ఆసుపత్రిలో పోయాడు, ఈవిడకి పదేళ్ల శిక్ష పడి 1939లో బయటికొచ్చింది. ఎడమ కంటి చూపు తిరిగి రాలేదు.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. ఇది శిక్ష అనుభవిస్తూ రాసింది, అందుకే చాలా చోట్ల 'నాకేం సంబంధం లేదు, మొగుడి కోసం వెళ్లాను' అన్న ధోరణే కనిపిస్తుంది. పెద్దయ్యాక మాత్రం, తనని ఎవరూ బలవంతం చేయలేదనీ, ఇష్టపడే ఉన్నాననీ ఆమే చెప్పింది. నాకు ఆ ముసలావిడ మాటే ఎక్కువ నమ్మబుద్ధేస్తుంది. కాబట్టి సంపాదకుడు జాన్ నీల్ ఫిలిప్స్ రాసిన నోట్స్ బోరని వదిలేయకండి, బ్లాంచ్ దాటేసిన చోట్లు అందులోనే దొరుకుతాయి.