మడమల మొద్దు చర్మం: రాయి, ఫైల్, మెషీన్, పీలింగ్ సాక్స్, యూరియా క్రీమ్... ఇంట్లో ఏది పనికొస్తుంది?

నమస్తే అండి. టేబుల్ మీద ఏమేం ఉన్నాయో ముందు చూసేయండి. ఇది ప్యూమిస్ రాయి. ఇది రెండు వైపులా గరుకుండే ఫుట్ ఫైల్. ఇది స్టీల్‌ది, చిన్న చిన్న రంధ్రాలున్నది. ఇది బ్లేడ్ పెట్టి చెక్కే షేవర్. ఇది ఛార్జింగ్ మెషీన్, పైన రోలర్ తిరుగుతుంది. ఈ కవర్లో ఉన్నవి కాళ్లకి తొడుక్కునే పీలింగ్ సాక్సులు. ఈ చివర ఉన్నవి యూరియా క్రీములు. వీటిలో ఏది కొనాలి, ఏది ముట్టుకోకూడదు, కొన్నది ఎలా వాడాలి, అన్నీ చెప్తాం.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. రుద్దడం చిన్న పని, క్రీమ్ రాయడం పెద్ద పని. చాలామంది రుద్దడానికి అరగంట పెట్టి, క్రీమ్ దగ్గరికి వచ్చేసరికి లేచి వెళ్లిపోతారు. అందుకే వారం తిరిగేసరికి మడమ మళ్లీ మొదటికొస్తుంది.

ఎందుకంటే, అరికాలి చర్మంలో చెమట గ్రంథులే తప్ప నూనె గ్రంథులు ఉండవు. తేమని పట్టి ఉంచే జిడ్డు అక్కడ పుట్టదు. పైగా బరువు, రాపిడి ఎక్కడ పడితే అక్కడ చర్మం తనని తాను కాపాడుకోవడానికి పొర మీద పొర వేసుకుంటుంది. మీరు కాలు కింద పెట్టిన ప్రతిసారీ మడమ లోపలున్న కొవ్వు పక్కలకి పరుచుకుంటుంది. దానితో పాటు పై చర్మం కూడా సాగాలి. ఎండి బిరుసుగా ఉన్న చర్మం సాగలేక చీలుతుంది. పగుళ్లు మడమ మధ్యలో కాకుండా చుట్టూ అంచున వస్తాయి చూడండి, కారణం ఇదే. వెనక పట్టీ లేని చెప్పులు వేసుకుంటే ఆ కొవ్వుని పక్కల నుంచి ఆపేదేమీ ఉండదు, పగుళ్లు ఇంకా పెరుగుతాయి.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట, దీన్ని దాటేయకండి. షుగర్ ఉన్నవాళ్లు, పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు, కాళ్లకి రక్తప్రసరణ సరిగా లేనివాళ్లు ఈ వీడియో చూసి ఇంట్లో ఏదీ గీకొద్దు, ఆసిడ్ ఉన్నది ఏదీ రాయొద్దు. చిన్న గీత పడినా తెలియదు, తెలిసేసరికి పుండు అవుతుంది. డాక్టర్‌కి చూపించాకే చేయాలి. రక్తం పలచబడే మందులు వాడుతున్నవాళ్లు కూడా అడిగాకే చేయండి.

అలాగే ఇది నిజంగా మొద్దు చర్మమేనా అని చూసుకోండి. గట్టిపడ్డ చోట నల్లటి చిన్న చుక్కలు కనిపిస్తూ, రెండు వైపుల నుంచి నొక్కితే నొప్పి వస్తే అది పులిపిరి కావచ్చు. దాన్ని ఫైల్‌తో రుద్దితే వైరస్ పక్క చర్మానికీ అంటుకుంటుంది. అరికాలు మొత్తం, పాదం పక్కలతో సహా, పిండి చల్లినట్టు పొట్టు లేస్తూ గోళ్లు కూడా మందంగా మారుతుంటే అది ఫంగస్ కావచ్చు. ఎంత రుద్దినా పోదు, దానికి మందు వేరు.

సరే, పని మొదలుపెడదాం. ప్యూమిస్ రాయి వాడేవాళ్లు గోరువెచ్చని నీళ్లలో కాళ్లు పది నిమిషాలు పెట్టండి. చెయ్యి పెడితే చురుక్కుమనకూడదు, అంత వేడి చాలు. నీళ్లు మరీ వేడిగా ఉంటే చర్మం ఇంకా ఎండిపోతుంది. అరగంట నానబెడితే ఇంకో ఇబ్బంది. పాదమంతా తెల్లగా ఉబ్బిపోయి, చచ్చిన పొర ఎక్కడ ముగుస్తుందో, బతికున్న చర్మం ఎక్కడ మొదలవుతుందో కనిపించదు. రాయిని కూడా తడపండి, పొడి రాయి గీసుకుపోతుంది. ఎక్కువ బలం పెట్టకుండా చిన్న చిన్న వృత్తాల్లో, ఒక్కో మడమకి రెండు మూడు నిమిషాలు చాలు. మధ్య మధ్యలో నీళ్లలో ముంచి కడగండి, లేకపోతే రంధ్రాలు పూడిపోయి రాయి జారుతుందే గానీ రుద్దదు.

రాయి చవక, సున్నితం, కొత్తవాళ్లకి మంచిది. లోపం ఒకటే. ఆ రంధ్రాల్లో తడి, చర్మం పొడి మిగిలిపోతే సూక్ష్మజీవులు పెరుగుతాయి. వాడాక బ్రష్‌తో కడిగి, గాలి తగిలే చోట ఆరబెట్టండి. బాత్రూమ్ మూలలో తడిగా వదిలేయొద్దు. ఇంట్లో ఎవరి రాయి వాళ్లదే.

ఇక ఈ రెండు వైపుల ఫైల్. మమ్మల్ని ఒకటే కొనమంటే ఇదే కొనమంటాం. దీన్ని పొడి కాలి మీద వాడాలి. తడి చర్మం రబ్బరులా సాగుతుంది, ఎంత తీశామో అంచనా దొరకదు. ఆరాక చూస్తే ఎక్కువ తీసేసి ఉంటాం. వెనక గ్రిట్ అంకె రాసి ఉంటే చూడండి. అంకె చిన్నదైతే గరుకు, పెద్దదైతే నునుపు. 80 ఒక వైపు, 150 ఆ చుట్టుపక్కల ఇంకో వైపు ఉంటే చక్కగా సరిపోతుంది. గరుకు వైపుతో మందం తగ్గించాలి, నునుపు వైపుతో అంచులు సరిచేయాలి. ఈ రెండో పని మానేస్తే చిన్న చిన్న రేకులు లేచి ఉండిపోయి, దుప్పటికి తగులుకుంటాయి, అక్కడి నుంచే మళ్లీ చీలికలు మొదలవుతాయి.

కెమెరా దగ్గరికి తెస్తున్నాం, మడమ అంచు చూడండి. ఇక్కడ చర్మం పసుపు పచ్చగా, కొంచెం మైనంలా ఉంది కదా? అదంతా మందమే. ఒకే దిశలో, బయటి నుంచి లోపలికి ఇలా లాగుతుంటే పొడి తెల్లగా, సన్నగా రాలుతోంది. ఆ పసుపు తగ్గి మామూలు చర్మం రంగు కనిపించడం మొదలైంది. ఇక్కడ ఆపేయాలి! వేలితో నొక్కితే ఇంకా కొంచెం గట్టిగానే ఉంది, ఉండనివ్వండి. గులాబీ రంగు వచ్చిందంటే, వేడిగా మంటగా అనిపించిందంటే ఎక్కువ తీసేసినట్టే. నడవడానికి ఆ పొర కొంత కావాలి. పూర్తిగా తీసేస్తే నడిచినప్పుడు నొప్పి, దానికి తోడు ఒరిపిడి తగిలి చర్మం మళ్లీ పొరలు వేసుకుంటుంది.

పగులు ఉంటే దానికి అడ్డంగా లాగొద్దు, నోరు ఇంకా తెరుచుకుంటుంది. పగులు వెంబడే, పక్కన గట్టిపడ్డ అంచుల మీద మాత్రమే మెల్లగా రుద్దండి. రక్తం కనిపించే పగులైతే ఫైల్ పక్కన పెట్టేయండి. శుభ్రంగా కడిగి, పెట్రోలియం జెల్లీ రాసి, బ్యాండేజ్ వేసి, మూసుకున్నాకే మిగతా పని. ఎర్రగా వాచి, వేడిగా ఉండి, చీము కనిపిస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

స్టీల్ ఫైల్ వేగంగా తీస్తుంది, ఆ వేగమే దాని సమస్య. నాలుగు సార్లు లాగితే చాలా పోతుంది, ఆపడం తెలియనివాళ్లకి వద్దు. బ్లేడ్ షేవర్ గురించి మాత్రం మొహమాటం లేకుండా చెప్తున్నాం, కొనకండి. మడమ వంపుగా ఉంటుంది, బ్లేడ్ తిన్నగా ఉంటుంది. మీ కాలు మీరే చెక్కుకుంటున్నప్పుడు కోణం సరిగా కనిపించదు, ఒక్క క్షణంలో లోపలికి దిగుతుంది.

మెషీన్ చేతులకి శ్రమ తగ్గిస్తుంది. వంగి ఎక్కువసేపు రుద్దలేని పెద్దవాళ్లకి ఇది నిజంగా ఉపయోగం. కాళ్లు కడిగి పూర్తిగా తుడిచాకే పెట్టండి. కింద పాత పేపర్ పరవండి, పొడి చాలా ఎగురుతుంది. ఒక్క చోట మూడు నాలుగు సెకన్లకి మించి ఉంచొద్దు, కదుపుతూనే ఉండాలి. రాపిడికి వేడి పుడుతుంది, చర్మం కాలినట్టు అవుతుంది. మోటార్ నెమ్మదిస్తోందంటే మీరు గట్టిగా నొక్కుతున్నారని అర్థం. జుట్టు విరబోసుకుని, పొడవాటి బట్టల అంచులు వేలాడుతుండగా దీన్ని పట్టుకోవద్దు, రోలర్‌కి చుట్టుకుంటాయి. కొనేముందు విడి రోలర్లు దొరుకుతాయో లేదో చూడండి. రోలర్ నున్నగా అరిగిపోయాక మెషీన్ ఎంత మంచిదైనా దండగే.

పీలింగ్ సాక్సుల్లో లాక్టిక్, గ్లైకాలిక్ లాంటి ఆసిడ్లు ఉంటాయి. ప్యాకెట్ మీద రాసినంతసేపే, సాధారణంగా గంట నుంచి గంటన్నర, తొడుక్కుని కడిగేయాలి. ఆ రోజు ఏమీ కనిపించదు. నాలుగైదు రోజుల తర్వాత పొట్టు లేవడం మొదలై, వారం రెండు వారాల దాకా ఊడుతూనే ఉంటుంది. చూడటానికి బాగోదు, చెప్పులు విప్పాల్సిన సందర్భం దగ్గర్లో ఉంటే వాడొద్దు. ఊడుతున్నది చేత్తో లాగకండి, పచ్చి చర్మం బయటపడుతుంది. అక్కడక్కడా పగులు, గాయం ఉంటే అసలు తొడగొద్దు. మాకు ఇందులో నచ్చనిది ఇంకొకటుంది. పలచగా బాగానే ఉన్న పాదం మధ్యభాగం పొట్టు కూడా లేచిపోతుంది, నిజంగా మందంగా ఉన్న మడమ మాత్రం చాలాసార్లు సగమే తగ్గుతుంది.

ఇప్పుడు అసలు సంగతి, యూరియా. తక్కువ శాతంలో ఇది తేమని లాగి పట్టుకుంటుంది, ఎక్కువ శాతంలో గట్టి పొరని మెత్తబరిచి విడిపోయేలా చేస్తుంది. మామూలు పొడితనానికి 10 శాతం చాలు. మొద్దుబారిన మడమలకి 20, 25 శాతం. 40 శాతం బాగా మందంగా ఉన్న చోట మాత్రమే, చుట్టూ ఉన్న మంచి చర్మానికి తగలకుండా, కొన్నాళ్లు వాడి ఆపేయాలి. ట్యూబ్ మీద శాతం రాయకపోతే వెనక పదార్థాల వరస చదవండి. ఎక్కువ ఉన్నది ముందు రాస్తారు. నీళ్ల తర్వాత రెండు మూడు స్థానాల్లో యూరియా కనిపిస్తే నమ్మొచ్చు. సువాసన కోసం కలిపిన వాటి తర్వాత ఎక్కడో చివర ఉంటే అది పేరుకే.

రాత్రి కాళ్లు కడిగి, తడి ఒత్తి, కాస్త చెమ్మ ఉండగానే రాయండి. మడమకి బఠాణీ గింజంత చాలు. వేళ్ల మధ్యలో రాయొద్దు, అక్కడ తడి నిలిస్తే ఫంగస్ పడుతుంది. రుద్దిన రోజు, పగుళ్లున్న చోట యూరియా మండుతుంది, ఆ రోజుకి పెట్రోలియం జెల్లీ ఒక్కటే రాయండి. మిగతా రోజుల్లో క్రీమ్ ఇంకాక దాని మీద జెల్లీ పలచగా పూసి కాటన్ సాక్సులు వేసుకుంటే లోపలి తేమ బయటికి పోదు. ఆ సాక్సులతో టైల్స్ మీద నడిస్తే జారుతుంది, పడుకునే ముందే వేసుకోండి.

నిమ్మరసం, వంటసోడా సంగతి చాలామంది అడుగుతారు. నిమ్మరసం పగుళ్లలో మండటం తప్ప మందం మీద చెప్పుకోదగ్గ పని చేయదు. వంటసోడా క్షారం, చర్మానికి సహజంగా ఉండే కొద్దిపాటి ఆమ్లత్వాన్ని చెడగొట్టి ఇంకా ఎండబెడుతుంది. ఉప్పు నీళ్లు హాయిగా ఉంటాయి, అంతవరకే. ఆనెకాయలకి అంటించే సాలిసిలిక్ ఆసిడ్ పట్టీలు పనిచేస్తాయి గానీ, ఆనె సైజుకి సరిగ్గా కత్తిరించకపోతే చుట్టూ ఉన్న మంచి చర్మాన్ని కూడా తినేస్తాయి.

క్రీమ్ ప్రతి రాత్రి, ఫైల్ మొదట్లో వారానికి రెండుసార్లు, తగ్గాక పది పదిహేను రోజులకి ఒకసారి. మూడు నాలుగు వారాలకి తేడా స్పష్టంగా కనిపించాలి. కనిపించకపోతే చెప్పులు చూడండి. ఒకే పాదంలో, ఒకే చోట మళ్లీ మళ్లీ కాయ కాస్తోందంటే ఆ చెప్పు అక్కడ నొక్కుతోంది, లేదా మీ నడకలో బరువు అక్కడే పడుతోంది. క్రీమ్ మార్చినా లాభం లేదు, చెప్పు మార్చాలి. అయినా తగ్గకపోతే పాదాన్ని ఒకసారి డాక్టర్‌కి చూపించండి.