ఐ7 అంటే ఏ ఐ7 అండీ?

అందరికీ నమస్కారం. ప్రిన్సిపల్ గారికి, హెచ్‌ఓడీ మేడమ్ గారికి, లెక్చరర్లకి, పొద్దుట్నుంచి మైకుతో తిప్పలు పడుతున్న తమ్ముడికి, వెనక నిలబడ్డవాళ్ళకి కూడా. శాలువా కప్పారు, చాలా సంతోషం, కానీ గుంటూరు ఏప్రిల్లో కప్పారు కాబట్టి తీసి కుర్చీ మీద పెడుతున్నా, ఏమీ అనుకోవద్దు.

నాకిచ్చిన టాపిక్ "హార్డ్‌వేర్ రంగంలో ఉపాధి అవకాశాలు". టైముంటే చివర్లో చెప్తా. ఉండదనుకోండి. ఎందుకంటే ఈ హాల్లో సగం మంది వచ్చే ఏడాదిలోపు ఇంట్లో పోరుపెట్టి గేమింగ్ పీసీ కొనిపించుకుంటారు, ఇంట్లో వాళ్ళకి మాత్రం కోడింగ్ కోసం అని చెప్తారు, నాకు తెలుసు, మీ నాన్నలు నా షాపుకే వస్తారు. ఆ డబ్బు ఎక్కడ పెట్టాలో చెప్పకుండా ఉపాధి గురించి చెప్తే నాకు నిద్ర పట్టదు.

సంక్రాంతి వెళ్ళాక ఒక మిర్చి రైతు వచ్చారు. ఆటోలో పీసీ, మీద దుప్పటి చుట్టి తెచ్చారు. "బాబూ, మావాడికి ఐ7 కొన్నాం, గేమ్ ఓపెనవ్వట్లేదంట, కాస్త చూడు" అన్నారు. ఐ7 అంటే ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్ పేరు, పీసీలో లెక్కలు చేసే చిప్పు. బిల్లు చూపించమన్నా. బిల్లంటే బిల్లు కాదు, తెల్లకాగితం మీద రాసిచ్చారు: ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 ఎస్‌ఎస్‌డీ, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, ఆర్‌జీబీ గేమింగ్ క్యాబినెట్. కింద 58,000. ఒక్క మోడల్ నంబర్ లేదు. ఒక్క సీరియల్ నంబర్ లేదు.

క్యాబినెట్ చూస్తే దసరా సీరియల్ సెట్టే, నాలుగు ఫ్యాన్లు రంగులు మారుస్తున్నాయి. పక్క డోరు తీస్తే లోపల ఐ7-3770. అది 2012లో వచ్చిన చిప్పు! పాత ఆఫీసు కంప్యూటర్లలోంచి పీకి, మెరిసే డబ్బాలో కూర్చోబెట్టారు. పక్కన గ్రాఫిక్స్ కార్డు, అంటే స్క్రీన్ మీద బొమ్మ గీసే కార్డు, జీటీ 730. అది 2014ది. ఆ ప్రాసెసర్‌కి విండోస్ 11 సపోర్ట్ అఫీషియల్‌గా లేదు, అయినా షాపువాళ్ళు చెక్ దాటించి 11 ఎక్కించేశారు, వాలొరెంట్ అనే వాడి గేమ్ ఏమో విండోస్ 11లో టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ భాగం, సెక్యూర్ బూట్ అనే స్టార్టింగ్ చెక్ ఉంటేనే ఓపెనవుతుంది, ఆ బోర్డులో టీపీఎం 2.0 ఎక్కడిది. అదన్నమాట సంగతి. పిల్లోడు నెలంతా విండోస్ మళ్ళీ మళ్ళీ ఎక్కించుకుంటూ కూర్చున్నాడంట.

ఆయనకేం చెప్పాలో నాకు అర్థంకాలా. "ఐ7 కాదా బాబూ మరి?" అంటారు. ఐ7యే. అబద్ధం చెప్పలేదు వాళ్ళు. అందుకే నాకు ఒళ్ళు మండేది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇక్కడ ఫోన్లు కింద పెట్టి వినండి. ఐ3, ఐ5, ఐ7 అనేది ఆ ఏడాది వచ్చిన చిప్పుల్లో ఏది పెద్దది ఏది చిన్నది అని చెప్తుంది, అంతే. ఏ ఏడాది అనేది ఆ తర్వాత వచ్చే అంకెలో ఉంటుంది. 3770 అంటే థర్డ్ జెనరేషన్. 12100 అంటే ట్వెల్త్ జెనరేషన్. ఐ3-12100ఎఫ్ 2022లో వచ్చింది, దానికీ 4 కోర్లు, అంటే చిప్పులో పనిచేసే భాగాలు, 8 థ్రెడ్లు, అంటే ఒకేసారి పట్టుకునే పనులు, అంతే, ఆ పాత ఐ7కీ 4 కోర్లు 8 థ్రెడ్లే. కానీ గేముల్లో ఈ ఐ3 ముందు ఆ ఐ7 నిలబడదు, ఎందుకంటే ఒక్కో కోర్ ఒక్కో క్లాక్‌లో, అంటే చిప్పు కొట్టుకునే ఒక్కో దెబ్బలో, చేసే పని పెరిగింది, ర్యామ్ మారింది, చిప్పులోనే ఉండే చిన్న మెమరీ, క్యాష్ అంటారు, అదీ మారింది. సో "ఐ7 ఇస్తున్నామండీ" అంటే "ఏ ఐ7 అండీ?" అనడగండి. ఇంటెల్‌కి పోటీ కంపెనీ ఏఎండీ అయినా అంతే, రైజెన్ 5 అంటే సరిపోదు, 1600 కూడా రైజెన్ 5యే, 5600 కూడా రైజెన్ 5యే, మధ్యలో అయిదేళ్ళుంది.

గ్రాఫిక్స్ కార్డు సంగతి ఇంకా ఘోరం. "4 జీబీ కార్డు" అని అమ్ముతారు. కారు కొనబోతే కంపెనీ చెప్పకుండా, ఇంజిన్ చెప్పకుండా, డిక్కీలో నాలుగు బస్తాలు పడతాయండీ అన్నట్టుంటుంది. జీబీ అనేది ఎంత దాచుకోగలదో చెప్తుంది గానీ ఎంత స్పీడుగా గీయగలదో చెప్పదు. ఆ జీటీ 730 సంగతే చూడండి, ఒకే పేరు మీద 96 కోర్ల కార్డూ ఉంది, 384 కోర్ల కార్డూ ఉంది. జీటీ 1030 ఇంకా తమాషా: మొదట 2017లో జీడీడీఆర్5 మెమరీతో వచ్చింది, సెకనుకి 48 జీబీ డేటా వెళ్ళేది, మరుసటేడాది అదే పేరుతో మామూలు డీడీఆర్4 పెట్టి వదిలారు, 17 జీబీకి కూడా చేరలేదు. పేరు అదే. రెండూ 2 జీబీయే. తేడా డబ్బా పక్కన చిన్నక్షరాల్లో ఉంటుంది. ఇప్పటి కార్డుల్లోనూ ఉంది, ఆర్‌టీఎక్స్ 3050 అంటే 8 జీబీది 2560 కోర్లు, 6 జీబీది 2304 కోర్లు, జీబీ ఒక్కటే తగ్గింది అనుకుని కొంటారు, కోర్లు కూడా తగ్గాయని ఎవరూ చెప్పరు. అలాగని 6 జీబీది చెత్త అనను, 70 వాట్లే తింటుంది, పాత పీసీలో వేరే పవర్ కేబుల్ లేకుండా దూర్చుకోవాలంటే అదే దిక్కు.

మేడమ్ గారు వాచ్ చూస్తున్నారు, నేను చూశాను మేడమ్, త్వరగా వస్తా పాయింట్‌కి.

ఏది కొనాలి? నన్నడిగితే మానిటర్ నుంచి మొదలుపెట్టండి. అందరూ ప్రాసెసర్ నుంచి మొదలుపెట్టి, దానికే డబ్బంతా పోసి, మిగిలిన చిల్లరతో గ్రాఫిక్స్ కార్డు కొంటారు, తలకిందులు అది. 1080పీ స్క్రీన్‌లో దాదాపు 20.7 లక్షల పిక్సెల్స్, అంటే చుక్కలు, 1440పీలో 36.9 లక్షలు, 4కే లో 83 లక్షలు. ప్రతి ఫ్రేమ్‌కీ, అంటే తెర మీద మారే ఒక్కో బొమ్మకీ, అన్నీ గీయాలి, గీసేది గ్రాఫిక్స్ కార్డు. ప్రాసెసర్ పని వేరు, ఎవడు ఎక్కడున్నాడు, బుల్లెట్ ఎటెళ్ళింది, తర్వాత ఏం గీయాలి అని లెక్కలేసి కార్డుకి అందిస్తుంది, ఆ లెక్క పిక్సెల్స్ ఎక్కువైనా తక్కువైనా ఇంచుమించు ఒకటే. 60 ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకి 60 ఫ్రేములు, కావాలంటే ఒక్కో ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లలో అవ్వాలి, 144 కావాలంటే 6.9 లోపల. అంటే పిక్సెల్స్ పెరిగేకొద్దీ కార్డు మీద భారం, ఎఫ్‌పీఎస్ ఎక్కువ కావాలనుకునేకొద్దీ ప్రాసెసర్ మీద కూడా భారం.

మీకిప్పుడే పీసీ ఉందనుకోండి, ఏది మార్చాలో తెలియట్లేదు. గేమ్‌లో రిజల్యూషన్, అంటే ఆ పిక్సెల్స్ లెక్క, తగ్గించి చూడండి. ఎఫ్‌పీఎస్ బాగా పెరిగిందా, కార్డే వెనకబడింది. కదల్లేదా, ప్రాసెసర్ వెనకబడింది. పైసా ఖర్చు లేదు దీనికి. నెట్‌లో ఏ భాగం వెనకబడిందో చెప్తామనే బాటిల్‌నెక్ క్యాలిక్యులేటర్లని ఉంటాయి, వాటిని నమ్మకండి బాబూ, ఏ గేమో ఏ సెట్టింగో అడక్కుండా శాతం చెప్పేస్తాయి.

ఎఫ్‌పీఎస్ ఎక్కువ కావాల్సిన వాలొరెంట్, సీఎస్2 గేములు మాత్రమే ఆడేవాడికి ప్రాసెసర్ మీద కాస్త ఎక్కువ పెట్టినా న్యాయమే. సైబర్‌పంక్ లాంటి బొమ్మ భారీగా ఉండే గేములు ఆడేవాడు ముందు కార్డు కొనాలి. మామూలు బడ్జెట్ అయితే 6 కోర్ల చిప్పు చాలు, రైజెన్ 5 5600 గానీ ఐ5-12400ఎఫ్ గానీ, మిగిలిందంతా కార్డుకి. 5600కి డీడీఆర్4, అంటే పాత తరం ర్యామ్, పట్టే బోర్డు, ఏఎం4 సాకెట్, అంటే ప్రాసెసర్ కూర్చునే గూడు, చవగ్గా అయిపోతుంది. కానీ నాలుగేళ్ళ తర్వాత బోర్డు మార్చకుండా ప్రాసెసర్ ఒక్కటే మార్చుకుందాం అనుకునేవాళ్ళు ఏఎం5 చూసుకోండి, అందులో డీడీఆర్5 ర్యామే పడుతుంది, ఖర్చు ఎక్కువ. ఎక్స్3డీ అని తోకున్న ఏఎండీ చిప్పులు గేముల్లో అదరగొడతాయి, 7800ఎక్స్3డీలో 96 ఎంబీ ఎల్3 క్యాష్ పెట్టారు, డేటా కోసం ర్యామ్ దాకా పరిగెత్తే పని తగ్గుతుంది. బాగుంటుంది. మీ నాన్న డబ్బులతో వద్దు.

తోకలు అన్నా కదా. ఇంటెల్‌లో చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ లేదు, కార్డు పెట్టకపోతే డిస్‌ప్లేనే రాదు. ఏఎండీ 5600జీలో జీ ఉంటే మంచి గ్రాఫిక్స్ లోపలే ఉంది, కార్డుకి డబ్బుల్లేనివాళ్ళు దాంతో మొదలుపెట్టొచ్చు, ర్యామ్ మాత్రం ఒక్క 16 కాకుండా రెండు 8లు వెయ్యండి, దాని గ్రాఫిక్స్‌కి మెమరీ ఆ ర్యామే మరి. కార్డులో జీబీ ఎంత అంటారా, 1080పీకి 8 నడుస్తుంది ఇప్పటికి, కొత్త పెద్ద గేముల్లో టెక్స్చర్లు, అంటే వస్తువుల మీద వేసే బొమ్మలు, హై పెడితే అది కూడా ఇరుకవుతోంది, అదే రేటులో 12 దొరికితే, చిప్పు కూడా సరైనదైతే, 12 తీసుకోండి.

ఇక ఎస్‌ఎంపీఎస్, అంటే పీసీకి కరెంటు అందించే డబ్బా. ఆ రైతు పీసీలో క్యాబినెట్‌తో ఫ్రీగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్ పెట్టారు, పైన 500 వాట్స్ అని స్టిక్కర్, చేత్తో ఎత్తితే ఖాళీ డబ్బాలా ఉంది, కార్డు కోసం 8 పిన్ కేబుల్ కూడా లేదు. మన కరెంటు సంగతి మీకు తెలుసు, మన ఎండలు తెలుసు, మేలో రూమే నలభై రెండుంటే లోపల కార్డుకి ఎంతుంటుంది. ప్రాసెసర్ ఒక మెట్టు తగ్గించుకోండి పర్లేదు, ఎస్‌ఎంపీఎస్ మాత్రం మంచి కంపెనీది, బిల్లుతో, వారంటీతో. ఆర్‌జీబీ ఫ్యాన్లు తర్వాత కొనుక్కోవచ్చు, అవి లేకపోయినా గేమ్ ఆడుతుంది.

ఆయనకి ఏం చేశానని అడుగుతున్నారు ముందు వరసలో. ఆ షాపుకి నేనే ఫోన్ చేశా. "చెప్పిందే ఇచ్చాం కదండీ, ఐ7 అన్నాం, ఐ7 ఇచ్చాం" అని పెట్టేశారు. తెల్లకాగితం పట్టుకుని ఎక్కడికెళ్తాం? జీఎస్టీ బిల్లుండి, దాని మీద మోడల్ నంబర్, సీరియల్ నంబర్ ఉంటే కనీసం కన్స్యూమర్ కమిషన్‌కి వెళ్ళినా మన మాట నిలబెట్టుకోవడం తేలికయ్యేది. ఎస్‌ఎస్‌డీ ఒక్కటి పనికొచ్చింది, మిగతాది పక్కన పెట్టి ఐ3-12100ఎఫ్, బోర్డు, ర్యామ్, మంచి ఎస్‌ఎంపీఎస్, సెకండ్ హ్యాండ్ ఆర్‌ఎక్స్ 6600 కార్డు ఒకటి గంటసేపు స్ట్రెస్ టెస్ట్, అంటే పూర్తి లోడు మీద, నడిపి చూసి పెట్టాను. మళ్ళీ డబ్బులే కదా ఆయనకి.

ఇంకొక్కటి చెప్పి దిగిపోతా. కొత్త పీసీ ఇంటికెళ్ళాక మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకి పెట్టండి, పైన బోర్డుకి కాదు. 144 హెర్ట్జ్, అంటే సెకనుకి 144 సార్లు బొమ్మ మార్చే, మానిటర్ అయితే విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకెళ్ళి 144 పెట్టండి, చాలాసార్లు 60 మీదే ఉంటుంది, ఏడాదిగా అలాగే ఆడేవాళ్ళని చూశాను.

ఉపాధి అవకాశాలు అయిపోయాయి మేడమ్, టైం లేదు. కొటేషన్లు రాయించుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఇటు పక్కకి తీసుకురండి, లంచ్‌లో కూర్చుని చూద్దాం. మోడల్ నంబర్లు లేని కాగితం అయితే ముందు ఆ షాపుకే ఫోన్ చేసి రాయించుకుని రండి.