బెల్టు ముందర లూసీ

అందరికీ నమస్కారం. మామిడికాయల సీజన్‌లో చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీలకు పనికి పొయ్యే అక్కలు, పెద్దమ్మలు ఎవరన్నా వింటా ఉంటే కొంచెం సౌండు పెంచండి, ఇది మీకోసమే.

అమెరికాలో లూసిల్ బాల్ అని ఒకామె, సినిమాల్లో ఏళ్ల తరబడి చిన్నాచితకా వేషాలేసి, 1951లో 'ఐ లవ్ లూసీ' అనే టీవీ కామెడీతో ఇంటింటికీ తెలిసిపోయింది, అప్పటికి ఆమెకు 40 ఏళ్లు. 1952లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో లూసీ, ఆమె ఫ్రెండు ఎథెల్ చాక్లెట్ ఫ్యాక్టరీలో పనికి చేరతారు. బెల్టు మీద చాక్లెట్లు వస్తాయి, కాగితం చుట్టాల, అంతే పని. ఒక్కటి చుట్టకుండా దాటిపోయినా ఉద్యోగం ఊడుతుందని సూపర్‌వైజరమ్మ చెప్పి పోతుంది. మొదట మెల్లగానే వస్తాయి. తర్వాత బెల్టు జోరందుకుంటుంది. ఇద్దరూ దొరికినవి దొరికినట్టు నోట్లో కుక్కుకుంటారు, టోపీలో దాస్తారు, జాకెట్లో దోపుకుంటారు, అంతలో సూపర్‌వైజరమ్మ వచ్చి ఖాళీ బెల్టు చూసి, భలే చేస్తా ఉండారే అని మెచ్చుకుని, ఇంకా స్పీడు పెంచమని లోపలికి కేకేస్తుంది!

మా పెద్దమ్మ తోతాపురి కాయలేరే బెల్టు దగ్గర చాన్నాళ్లు నిలబడింది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఫోన్లో ఈ సీన్ చూపిస్తే నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "బెల్టు మనకోసం ఆగదు మే" అనింది. నిజమే, బెల్టు ఆగదు.

ఆ తర్వాత 1962లో లూసిల్ తన మాజీ భర్త వాటా కూడా కొనేసి దేసిలూ స్టూడియోను తానే నడిపింది, 'స్టార్ ట్రెక్' అనే పేరున్న టీవీ సీరియల్ మొదలైంది అక్కడే, అదంతా ఇంకో రోజు మాట్లాడుకుందాం.

నేను తిరుపతిలో కాలేజీ పిల్లలతో స్కిట్లు చేయిస్తుంటాను కాబట్టి ఒక్క మాట. అదే ఎపిసోడ్‌లో ఇంకో సీన్‌లో లూసీ పక్కన కూర్చుని మిఠాయిల్ని కరిగిన చాక్లెట్‌లో ముంచేది నటి కాదు, నిజంగా ఆ పని చేసే ఆమే. మొహంలో చిన్న కదలిక కూడా ఉండదు, చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుంటూ పోతాయి, పక్కన లూసీ తడబాటు అందుకే అంత పండింది. మా దగ్గర ఒక పాప దోసెలమ్మ వేషానికి రిహార్సల్లో ఉత్త చేతులూపితే ఎవరికీ నవ్వు రాలేదు. నాలుగు పొద్దులు వాళ్ల వీధిలో దోసెలంగడికి పోయి నిజంగా పోసొచ్చింది. స్టేజీ మీద లేని పెనం మీద నీళ్లు చల్లి, పుల్లల చీపురుతో సర్రుమని తుడిచిందో లేదో, డైలాగ్ మొదలవకముందే హాలంతా నవ్వింది.